మెల్‌బోర్న్‌లో మౌంటెన్ బైకింగ్: యూ యాంగ్స్‌కి వెళ్లాలా, లిస్టర్‌ఫీల్డ్‌కి వెళ్లాలా, ప్లెంటీ గోర్జ్ సంగతేంటి?

మెల్‌బోర్న్ పడమర శివార్లు టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు ఉండే మనవాళ్లలో సైకిల్ కొన్న ప్రతివాడికీ కొన్నాళ్లకి ఒక దశ వస్తుంది. ఇంటి వెనక క్రీక్ పక్కన కాంక్రీట్ దారి మీద తొక్కి తొక్కి విసుగొస్తుంది. "ఈసారి అడవిలోకి వెళ్దాం" అంటారు. అంతే, వాట్సాప్ గ్రూపులో పంచాయితీ మొదలు. ఒకరు యూ యాంగ్స్ అంటారు, ఒకరు లిస్టర్‌ఫీల్డ్ అంటారు, మూడో మనిషి ప్లెంటీ గోర్జ్‌లో ఎవరో లోయ అంచున తొక్కుతున్న వీడియో పడేసి మాయమవుతాడు. ఏ నెలలో వెళ్తున్నాం, ఎవరిని వెంటబెట్టుకుని వెళ్తున్నాం అని మాత్రం ఎవరూ అడగరు. నా లెక్కలో ఆ రెండూ తేలితే మిగతా చర్చ అక్కర్లేదు.

తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తాను. పిల్లలు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు, సైకిల్ ఎక్కని ఇంట్లోవాళ్లు కలిసి వెళ్తుంటే లిస్టర్‌ఫీల్డ్. ఎండాకాలమైనా అదే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, అంటే ఇక్కడి చలికాలంలో, అందులోనూ వాన పడ్డ మర్నాడు, యూ యాంగ్స్‌కి సాటి లేదు. ప్లెంటీ గోర్జ్ మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పను. ఎందుకో కిందకి వచ్చాక చెప్తాను.

యూ యాంగ్స్: రాయి, ఇసుక, ఎండ

మెల్‌బోర్న్ నుంచి జీలాంగ్ వెళ్లేటప్పుడు కుడి పక్కన, చదునైన మైదానం మధ్యలో ఉన్నట్టుండి లేచిన కొండలు కనిపిస్తాయి. అవే యూ యాంగ్స్. నగరానికి నైరుతిగా సుమారు 55 కిలోమీటర్లు. ఇది వాదవురుంగ్ అనే ఆదివాసీ ప్రజల భూమి. ఇక్కడి పెద్ద శిఖరాన్ని 1802 మే 1న ఇంగ్లీష్ నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ ఎక్కాడు, తర్వాత దానికి ఆయన పేరే పెట్టారు. ఆ శిఖరానికి మెట్ల దారిలో నడిచే వెళ్లాలి, సైకిల్ కుదరదు. సైకిళ్లకి పార్క్‌లో విడిగా రెండు ప్రాంతాలు కేటాయించారు: కుర్రజాంగ్, స్టాక్‌యార్డ్స్. రెండూ కలిపి 50 కిలోమీటర్లకి పైగా ట్రయల్స్, అంటే సైకిల్ దారులు, ఉన్నాయి.

హైదరాబాద్‌లో గచ్చిబౌలి, ఖాజాగూడ బండల మధ్య పెరిగినవాళ్లకి ఈ కొండలు చూడగానే సొంత ఊరు గుర్తొస్తుంది. అదే గుండ్రటి గ్రానైట్, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అవే గుండ్లు. వయసులోనే తేడా: మన దక్కన్ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్లదైతే, ఇది 36 కోట్ల ఏళ్ల కుర్రది.

సైకిల్ తొక్కేవాడికి ఈ గ్రానైట్ వల్ల ఒక పెద్ద లాభం, ఒక పెద్ద చిక్కు ఉన్నాయి. గ్రానైట్ అరిగితే మొరంలాంటి గరుకు ఇసుక అవుతుంది. అందులో నీళ్లు నిలవవు. చలికాలంలో మిగతా చోట్ల ట్రయల్స్ బురదై టైర్లకి బంకలా పట్టుకుంటుంటే, యూ యాంగ్స్‌లో తడి ఇసుక గట్టిపడి టైరుకి పట్టు ఇంకా పెరుగుతుంది. జులైలో పొద్దున్నే చల్లటి గాలిలో ఇక్కడ తొక్కినవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేది అందుకే.

చిక్కు ఎండాకాలంలో. ఆ ఇసుకే ఎండిపోయి వదులవుతుంది. గట్టి నేల మీద చిన్న చిన్న గులకలు పరిచినట్టు ఉంటుంది. మలుపులో ముందు టైరు జారడం మొదలైతే ఆపడం కష్టం. కొత్తవాళ్లు పడేది సాధారణంగా ఇలా: వాలులో వేగం ఎక్కువైందని భయపడి, మలుపు మధ్యలోకి వచ్చాక ముందు బ్రేక్ గట్టిగా పట్టేస్తారు. ముందు చక్రం తిరగడం ఆగుతుంది కానీ జారడం ఆగదు, మనిషి పక్కకి పడతాడు. మోచేతుల మీద చర్మం ఆ మొరానికి అంటుకుపోతుంది. మలుపు రాకముందే, సైకిల్ నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకోవాలి. మలుపులోకి దిగాక రెండు బ్రేకులూ వదిలేసి, ఎటు వెళ్లాలో అటు చూడాలి. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే ఇంకా మంచిది. రోడ్డు మీద 45, 50 పీఎస్ఐ పెట్టుకుని తిరిగే సైకిల్‌ని అదే గాలితో ఇక్కడికి తెస్తే గోలీల మీద నడిచినట్టే. ట్యూబ్ ఉన్న టైరైతే 28 నుంచి 30, ట్యూబ్‌లెస్ అయితే అంతకన్నా కొంచెం తక్కువ పెట్టుకుని, మీ బరువుని బట్టి అటూ ఇటూ సర్దుకోండి.

కుర్రజాంగ్, స్టాక్‌యార్డ్స్ మధ్య తేడా పేరుకి కాదు, నిజంగానే చాలా ఉంది. కుర్రజాంగ్ వైపు ఎక్కుళ్లు, దిగుళ్లు మెత్తగా ఉంటాయి, మలుపులు వెడల్పు. పదేళ్లు దాటిన పిల్లలు కాస్త అలవాటుంటే తొక్కేస్తారు. స్టాక్‌యార్డ్స్ నిటారు. బండల మీద నుంచి దిగడాలు, రాళ్ల గుట్టల మధ్య ఇరుకు సందులు, పై నుంచి కిందకి దూసుకొచ్చే డౌన్‌హిల్ దారులు అక్కడే. అక్కడి క్రెస్సీ డిసెంట్ అనే దారి పేరు అందరి నోటా వినిపిస్తుంది కదా అని మొదటి రోజే అటు పోకండి. కుర్రజాంగ్‌లో ఒక రౌండ్ కొట్టి, ఒళ్లు వేడెక్కాక, ధైర్యం ఇంకా మిగిలుంటే అప్పుడు వెళ్లండి.

నీడ తక్కువ. చెట్లు ఉన్నాయి కానీ పల్చగా ఉంటాయి, గాలి కూడా బలంగా కొడుతుంది. జనవరిలో వెళ్లాలనుకుంటే తెల్లారేసరికి మొదలుపెట్టి పదింటికల్లా కారు దగ్గరకి వచ్చేయాలి. ట్రయల్ మధ్యలో కుళాయి దొరుకుతుందని ఆశపడొద్దు. మనిషికి రెండు లీటర్లకి తగ్గకుండా నీళ్లు ఇంటి దగ్గరే నింపుకోండి.

లిస్టర్‌ఫీల్డ్: చెరువు, నీడ, ఇంటిల్లిపాదీ

నగరానికి ఆగ్నేయంగా, రోవిల్, నారె వారెన్ నార్త్ పక్కన ఉంది లిస్టర్‌ఫీల్డ్ పార్క్. మధ్యలో పెద్ద చెరువు. ఒకప్పుడు ఇది మంచినీళ్ల రిజర్వాయర్. 1930ల్లో కట్టి, 1975లో వాడకం ఆపేశారు. ఇప్పుడు అందులో ఈదొచ్చు, కయాక్ వేసుకోవచ్చు, మోటారు పడవలు మాత్రం నడపకూడదు. జనవరిలో ఇక్కడికి రమ్మనడానికి నాకు ఈ చెరువు ఒక్కటి చాలు. రెండు గంటలు తొక్కి, చెమటతో కారు ఎక్కే బదులు నీళ్లలో దిగొచ్చు. ఇంట్లోవాళ్లు ఒడ్డున పులిహోర డబ్బా తెరుచుకుని కూర్చుంటారు, మీరు వచ్చేసరికి అందులో కాస్త మిగులుతుందో లేదో మీ అదృష్టం.

2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడలు జరిగినప్పుడు మౌంటెన్ బైక్ పోటీలు పెట్టింది ఇక్కడే. మగవాళ్ల పోటీలో ఇంగ్లాండ్‌కి చెందిన లియామ్ కిల్లీన్, ఆడవాళ్ల పోటీలో కెనడాకి చెందిన మరీ-ఎలెన్ ప్రెమాన్ బంగారు పతకాలు గెలిచారు. ఆ పోటీ కోసం వేసిన ట్రాక్ ఇప్పటికీ ఉంది, ఎవరైనా తొక్కొచ్చు. పోటీ ట్రాక్ అనగానే జడుసుకోవాల్సిన పని లేదు. క్రాస్ కంట్రీ పోటీకి వేసిన దారి కాబట్టి ఊపిరి పరీక్షిస్తుంది, ఎముకలు విరిచే రకం కాదు. నిజంగా కష్టమైన రాళ్ల దగ్గర పక్కనుంచి వెళ్లే తేలిక దారి ఉంటే మొహమాటపడకుండా అది పట్టుకోండి.

మొత్తం 20 కిలోమీటర్లకి పైగా సింగిల్ ట్రాక్, అంటే ఒక్క సైకిల్ పట్టే సన్నటి దారి, ఉంది. యూ యాంగ్స్‌తో పోలిస్తే సగం కూడా లేదు, నిజమే. కానీ కిలోమీటర్లు లెక్కేసుకుని పార్క్‌ని ఎంచుకోవడం నాకు సబబుగా అనిపించదు. కొత్తగా తొక్కేవాళ్లకి సింగిల్ ట్రాక్ మీద పది కిలోమీటర్లు అయ్యేసరికే చేతులు వణుకుతాయి. లిస్టర్‌ఫీల్డ్ గొప్పతనం దారులు ఒకదానికొకటి అల్లుకుని ఉండటంలో ఉంది. అలిసిపోతే ఎక్కడినుంచైనా తేలిగ్గా చెరువు వైపు తిరిగి రావచ్చు. చెరువు చుట్టూ తిరిగే వెడల్పాటి దారి నడిచేవాళ్లకి, సైకిళ్లకి కలిపే ఉంది. పిల్లలతో మొదట అక్కడే మొదలుపెట్టండి.

మరి లోపాలు? జనం. శని, ఆదివారాలు ఎండ కాస్తే పార్కింగ్ తొందరగా నిండిపోతుంది. తొమ్మిదిలోపు చేరినవాళ్లు నవ్వుకుంటూ వెళ్తారు. వానాకాలంలో కొన్నిచోట్ల బంకమట్టి జారుడుగా ఉంటుంది, చెట్ల వేర్ల మీద టైరు ఎటు పోతుందో దానికే తెలియదు. కుక్కల్ని తీసుకురాకూడదు. సాయంత్రం గేటు వేసేస్తారు, ఆ వేళ కాలాన్ని బట్టి మారుతుంది. గేటు పక్కన బోర్డు మీద రాసి ఉంటుంది, లోపలికి వెళ్లేటప్పుడే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. పడమర శివార్ల నుంచి వచ్చేవాళ్లకి దూరం కూడా ఒక లోపమే. వెస్ట్ గేట్ బ్రిడ్జి, మొనాష్ ఫ్రీవే రెండూ దాటాలి. సైకిల్ తొక్కినంతసేపూ కారులోనే కూర్చునేటట్టయితే ఆ ఆదివారం ఎందుకు?

ప్లెంటీ గోర్జ్: వీడియోలో బాగుంటుంది

మెర్న్‌డా, సౌత్ మొరాంగ్, మిల్ పార్క్ వైపు ఉండేవాళ్లకి ఇది గుమ్మం ముందే ఉంటుంది. ప్లెంటీ నది కోసిన లోయ, ఒక పక్క బసాల్ట్ రాయి, ఇంకో పక్క అవక్షేప శిలల కొండలు, మధ్యలో వందల ఏళ్ల రివర్ రెడ్ గమ్ చెట్లు. కంగారూలు గుంపులు గుంపులుగా ఉంటాయి. అందంలో మూడింటిలో ఇదే మొదటిది, అందులో నాకు అనుమానం లేదు.

అయినా మొదటిసారి వెళ్లేవాళ్లకి వద్దని ఎందుకంటున్నానంటే, అక్కడి సింగిల్ ట్రాక్‌లలో చాలావరకు పార్క్ వేసినవి కావు, సైకిల్‌వాళ్లు ఏళ్ల తరబడి తొక్కి తొక్కి పడినవి. బోర్డులు ఉండవు, ఏది తేలిక, ఏది కష్టమో చెప్పే రంగు గుర్తులు ఉండవు. అంచు పక్కనే లోయ ఉంటుంది. ఎవరి ఫోన్ యాప్‌లోనో గీత కనిపిస్తుంది కదా అని వెళ్తే, అది మూసేసిన దారి కావచ్చు. దారికి అడ్డంగా కొమ్మలు పరిచి, కొత్త మొక్కలు నాటి ఉంటే అక్కడ చెట్లని మళ్లీ పెరగనిస్తున్నారని అర్థం. సైకిల్ ఎత్తుకుని దాటడం మగతనం కాదు. వెళ్లాలనుకుంటే పార్కుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ పార్క్స్ విక్టోరియా మ్యాప్‌లో సైకిళ్లకి అనుమతి ఉందని చూపించిన దారులే ఎంచుకోండి, ఆ లోయ తెలిసినవాళ్లతో కలిసి వెళ్లండి.

రంగు గుర్తులు చదవడం

యూ యాంగ్స్‌లో, లిస్టర్‌ఫీల్డ్‌లో ట్రయల్ మొదట్లోనే గుర్తు ఉంటుంది. ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం, రెండు నల్ల డైమండ్లు ఉంటే ఫోటో తీసుకుని వెనక్కి తిరగండి. ఇందులో ఒక చిన్న మోసం ఉంది. నీలం అన్ని చోట్లా ఒకటే నీలం కాదు. లిస్టర్‌ఫీల్డ్ నీలంలో హాయిగా వెళ్లినవాళ్లకి యూ యాంగ్స్ నీలం ఎండాకాలంలో ఒక మెట్టు పైనే అనిపిస్తుంది, కారణం ఆ వదులు ఇసుకే. కాబట్టి కొత్త పార్క్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆకుపచ్చతో మొదలుపెట్టండి. గుంపులో అందరికన్నా నెమ్మదిగా తొక్కే మనిషి ఎవరో, దారి ఎంపిక వాళ్లది. ముందు పరిగెత్తేవాళ్లకి కూడలి దగ్గర ఆగి వెనకవాళ్ల కోసం చూడటం తప్ప వేరే పని పెట్టకండి.

అడవికి మనం చేసే హాని, అడవి మనకి చేసే హాని

ఈ పార్కులు సైకిళ్ల కోసం పుట్టినవి కావు. యూ యాంగ్స్‌లో కోలాలు ఉన్నాయి, లిస్టర్‌ఫీల్డ్‌లో వాంబాట్లు, వల్లబీలు, ఎకిడ్నాలు తిరుగుతాయి. వాటి ఇంట్లో మనకి ఒక సన్నటి దారి ఇచ్చారు.

యూ యాంగ్స్‌కి వెళ్తే బోన్‌సీడ్ అనే మొక్క కనిపిస్తుంది. పసుపు పూలు, ముద్దుగా ఉంటుంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఈ కొండలన్నీ కమ్మేసింది. ఒక మొక్క ఏడాదికి 50,000 దాకా గింజలు వేయగలదు, అవి నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. వలంటీర్లు చేత్తో పీకుతూనే ఉన్నారు. మనం బురద టైర్లతో, సాక్సులకి అంటుకున్న గింజలతో ఒక పార్క్ నుంచి ఇంకో పార్క్‌కి వెళ్తే వాళ్ల కష్టమంతా మట్టిపాలు. అలాగే మట్టిలో ఉండే ఫైటాఫ్‌థొరా అనే రోగకారకం చెట్ల వేర్లని కుళ్లబెడుతుంది, అది కూడా బూట్లకి, టైర్లకి అంటిన మట్టితోనే పాకుతుంది. పార్క్ మారేముందు ఇంటి దగ్గర టైర్లు, బూట్లు బ్రష్షుతో రుద్ది కడగడం పది నిమిషాల పని.

దారిలో నీటి గుంట వస్తే మధ్యలోంచే వెళ్లండి. పక్కనుంచి తప్పించుకుంటే దారి అడుగడుగు వెడల్పవుతుంది, మొక్కలు పోతాయి. మరీ బురదగా ఉంటే ఆ రోజు తొక్కడం మానేయండి. టైరు గాడి పడిన బంకమట్టి ఎండాక రాయిలా అయిపోతుంది, దాన్ని బాగుచేసేది మళ్లీ వలంటీర్లే.

ఇక పాముల భయం. వేసవిలో ఉంటాయి, ఈస్టర్న్ బ్రౌన్, టైగర్ స్నేక్ రెండూ విషపువే. సైకిల్ వస్తున్న అదురుకి సాధారణంగా అవే తప్పుకుంటాయి. కానీ బ్యాగులో వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజ్ రెండు ఉండాలి. కాటు పడితే మన ఊళ్లో చేసినట్టు తాడు బిగించి కట్టకూడదు, కోయకూడదు, ఆ చోటు కడగకూడదు కూడా. చర్మం మీద మిగిలిన విషాన్ని బట్టి ఆసుపత్రిలో పాము జాతిని పోల్చే వీలుంటుంది. కాటు మీద నుంచి మొదలుపెట్టి కాలు మొత్తం బ్యాండేజ్ బిగువుగా చుట్టి, పుల్ల ఆసరాతో కదలకుండా కట్టి, మనిషిని నడవనివ్వకుండా పడుకోబెట్టి ఎమర్జెన్సీ నంబర్ 000కి ఫోన్ చేయాలి. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ పెట్టుకుంటే మీరెక్కడున్నారో వాళ్లకి చెప్పడం తేలిక.

పాముల కన్నా నిప్పు పెద్ద ప్రమాదం. 2022 సెప్టెంబర్ నుంచి ఆస్ట్రేలియా అంతటా అగ్ని ప్రమాద హెచ్చరికలు నాలుగు మెట్లలో ఇస్తున్నారు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కెటస్ట్రాఫిక్. చివరిది ప్రకటించిన రోజు పార్కులు మూసేస్తారు. ఎక్స్‌ట్రీమ్ అన్న రోజు తెరిచి ఉన్నా నేనైతే వెళ్లను. విక్టోరియా ప్రభుత్వం హెచ్చరికలు ఇచ్చే విక్ ఎమర్జెన్సీ యాప్ ముందురోజు రాత్రి ఒకసారి, బయల్దేరేముందు ఒకసారి చూడండి. ఆగస్టు నుంచి నవంబర్ దాకా మ్యాగ్‌పై పక్షులు నెత్తి మీదకి దూకుతాయి. అవి గూడు కాపాడుకుంటున్నాయంతే. ఆ కాసేపు సైకిల్ దిగి నడవండి. హెల్మెట్ మాత్రం తీయకండి. అది విక్టోరియాలో 1990 నుంచి చట్టం.

ఎలా చేరాలి, ఏ సైకిల్

యూ యాంగ్స్‌కీ, లిస్టర్‌ఫీల్డ్‌కీ ప్రవేశ రుసుము లేదు. కారు వెనక ర్యాక్ లేకపోతే పడమర వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది: యూ యాంగ్స్‌కైతే టార్నీట్‌లో జీలాంగ్ వెళ్లే వీలైన్ (దూరపు ఊళ్లకి నడిచే) రైలు ఎక్కి లిటిల్ రివర్‌లోనో లారాలోనో దిగొచ్చు. రైల్లో చోటుంటేనే సైకిల్ పెట్టనిస్తారు, అన్ని రైళ్లూ లిటిల్ రివర్‌లో ఆగవు, దిగాక పార్క్ దాకా రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు తొక్కాలి. తిరుగు ప్రయాణానికి కాళ్లలో బలం మిగుల్చుకోండి. లిస్టర్‌ఫీల్డ్‌కి మాత్రం కారు లేకుండా వెళ్లడం అంత సుఖం కాదు.

సూపర్ మార్కెట్‌లో రెండొందల డాలర్లకి దొరికే "మౌంటెన్ బైక్" చెరువు గట్టు దాకా పర్వాలేదు, అంతకుమించి వద్దు. దాని ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ బరువుకే తప్ప పనికి రాదు, బ్రేకులు నమ్మలేం. ముందు మాత్రమే సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు ఉన్న మంచి హార్డ్‌టెయిల్ సెకండ్ హ్యాండ్‌లో కొంటే లిస్టర్‌ఫీల్డ్‌కీ, కుర్రజాంగ్‌కీ బాగా సరిపోతుంది. రెండు పక్కలా సస్పెన్షన్ ఉన్నది స్టాక్‌యార్డ్స్ అలవాటయ్యాక కొనుక్కోవచ్చు. అప్పటిదాకా ఒకట్రెండుసార్లు అద్దెకి తీసుకుని తొక్కి చూడండి, వారాంతాల్లో ముందే బుక్ చేయకపోతే మీ సైజు దొరకదు. ఈ-బైక్ అయితే పెడల్ తొక్కితేనే మోటారు సాయం చేసే రకం, 250 వాట్లు దాటనిది, గంటకి 25 కిలోమీటర్ల దగ్గర సాయం ఆపేసేది అయి ఉండాలి. చట్టం దాన్ని సైకిల్‌గా లెక్కేస్తుంది. అంతకన్నా బలమైన మోటారు పెట్టి థ్రాటిల్ తిప్పితే పరిగెత్తేవి మోటార్‌సైకిళ్ల కింద లెక్క, వాటికి ఈ ట్రయల్స్ మీద చోటు లేదు.